గ్రూపులు నడపడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి సోషియాలజీతో డిగ్రీ పూర్తి చేసింది. పేదల హక్కుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు ఏడాదిగా ఆన్‌లైన్ గ్రూపులు నడుపుతోంది. ఇదే నా కెరీర్ అంటోంది. రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటే అది ఉద్యోగం ఎలా అవుతుందని మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగమేనండీ. సంస్థల్లో దీన్ని కమ్యూనిటీ మేనేజర్, డిజిటల్ ఆర్గనైజర్, అడ్వకసీ ఆఫీసర్ లాంటి పేర్లతో పిలుస్తారు. అడ్వకసీ అంటే జనం సమస్యను అధికారుల ముందు పెట్టి మార్పు కోసం అడగడం. అయితే మీ అమ్మాయి చేస్తున్నది ఆ పనేనా, లేక వట్టి పోస్టులు పెట్టడమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండూ ఫోన్‌లోనే జరుగుతాయి కాబట్టి పక్కనున్నవాళ్లకు తేడా తెలియదు.

ఒక రాత్రి పదిన్నరకు గ్రూపులో ఎవరో "మా అమ్మకు రెండు నెలలుగా పింఛను రావట్లేదు" అని రాశారనుకోండి. కింద నాలుగు దణ్ణాలు, రెండు ఏడుపు బొమ్మలు పడతాయి. చాలా గ్రూపులు అక్కడితో ఆగిపోతాయి. పని తెలిసినవాళ్లు ఆ మనిషికి విడిగా మెసేజ్ పెడతారు. ఏ నెల నుంచి ఆగింది, ఆఫీసులో ఏమన్నారు, కాగితం ఏమైనా ఇచ్చారా అని కనుక్కుంటారు. మర్నాడు పేరు చెప్పకుండా, ఇంకెవరికైనా ఇలా జరిగిందా అని గ్రూపులో అడుగుతారు. వారం తిరిగేసరికి పదకొండు మంది తేలారు, అందరికీ ఒకే నెలలో ఆగింది. ఇప్పుడు అధికారి ముందు పెట్టడానికి చేతిలో ఆధారం ఉంది. అడ్వకసీ మొదలయ్యేది ఇక్కడే.

గ్రూపులో ఎవరూ మాట్లాడటం లేదని ఆమె దిగులు పడుతుంటే ఇది చెప్పండి. ఆన్‌లైన్ సమూహాల్లో నూటికి 90 మంది చూసి ఊరుకుంటారని, 9 మంది అప్పుడప్పుడు రాస్తారని, ఒక్కరే ఎక్కువగా రాస్తారని వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పారు. పేదరికం విషయంలో ఆ మౌనానికి వేరే కారణాలూ ఉంటాయి. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉండవచ్చు. నెల మధ్యలోనే డేటా అయిపోవచ్చు. చదవడం రాకపోవచ్చు. పేరు బయటికొస్తే ఉన్న సాయం కూడా ఆపేస్తారేమోనన్న భయం అన్నిటికన్నా పెద్దది. అందుకే ఈ పనిలో వాయిస్ మెసేజ్‌లు, నేరుగా ఫోన్ చేసి మాట్లాడటం చాలా అవసరం. అనుమతి లేకుండా ఎవరి ఫొటో, ఎవరి కథ బయటికి వెళ్లకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

పేదల తరఫున మాట్లాడేవాళ్లు ఎక్కువ, వాళ్లను మాట్లాడనిచ్చేవాళ్లు తక్కువ. పేదరికంలోనే పెరిగి, పేదల కోసం పనిచేసిన ఫ్రాన్స్ క్రైస్తవ మతగురువు జోసెఫ్ వ్రెసిన్స్కీ పిలుపు మీద 1987 అక్టోబరు 17న పారిస్‌లో లక్ష మందికి పైగా జనం గుమిగూడారు. ఐక్యరాజ్యసమితి 1992లో ఆ తేదీనే పేదరిక నిర్మూలన దినంగా ప్రకటించింది. మీ అమ్మాయి గ్రూపులో కష్టం అనుభవిస్తున్నవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఏం అడగాలో తేల్చేది వాళ్లేనా అని ఆమెనే అడగండి.

ఇక చదువు సంగతి. సోషల్ వర్క్‌లో గానీ, డెవలప్‌మెంట్ స్టడీస్‌లో గానీ పీజీ చేస్తే మంచిది. ప్రభుత్వ ఉత్తర్వులు, బడ్జెట్ పత్రాలు చదవడం, స్ప్రెడ్‌షీట్‌లో లెక్కలు చూడటం వచ్చి తీరాలి. జీతం విషయంలో దాపరికం ఎందుకు? మొదట్లో తక్కువే. చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుకు నిధులు ఉన్నంత కాలమే ఉంటాయి. రోజూ ఇతరుల బాధలు వింటే మనసు అలసిపోతుంది. రాత్రి ఒక వేళ దాటాక గ్రూపును ఇంకొకరు చూసుకునే ఏర్పాటు చేసుకోమనండి.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సభ్యుల సంఖ్య చూపిస్తే సరిపోదు. ఏ సమస్య వచ్చింది, ఎంతమందిది, ఎవరిని ఏం అడిగారు, ఏం మారింది, ఏం మారలేదు అన్నది తేదీలతో రాసిపెట్టుకోవాలి. ఆమె అలాంటి నోట్‌బుక్ రాస్తోందేమో చూపించమనండి. రాస్తుంటే ఇంకో ఏడాది ఆమెను ఈ పనిలోనే ఉండనివ్వండి. రాయకపోతే ఈ ఏడాది పనిని గుర్తున్నంత వరకు ఇప్పుడే కూర్చుని రాయమనండి.