మిట్టు ఎందుకు కొరుకుతోందంటే

చిట్టితల్లికి,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. మిట్టు కొరికిన వేలికి కట్టు కట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చున్నావు. సబ్బూ నీళ్లతో గాయం బాగా కడిగావు కదా? "దీనికి నేనంటే ఇష్టం లేదు పెద్దమ్మా, ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నావే, ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు. తొందరపడకు. నాలుగు నెలల చిలక పిల్ల అది, నీ మీద పగ పట్టలేదు.

చిలక జాతికి ముక్కు మూడో చెయ్యి లాంటిది. కొత్త కొమ్మ ఎక్కే ముందు గట్టిగా ఉందా లేదా అని ముక్కుతో పట్టి చూసి, ఆ తర్వాతే కాలు పెడుతుంది. మిట్టు నీ వేలిని అలా పట్టుకోగానే నువ్వు ఉలిక్కిపడి చెయ్యి లాగేస్తున్నావు. ఊగే కొమ్మను ఏ పిట్టయినా ఎందుకు నమ్ముతుంది? మరోసారి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఇక రక్తం వచ్చేలా కొరకడం వేరు. మా ఇంట్లో ఉన్నదీ మీ మిట్టు లాంటి గ్రీన్ చీక్ కన్యూర్ అనే చిన్న రకం చిలకే. వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం కుక్కర్ విజిల్ వేస్తోందని హడావిడిగా దాన్ని బోనులో పెట్టబోయాను. ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి, సన్నగా పొడుగ్గా అయిపోయి, వెనక్కి వాలింది. నేను పట్టించుకోకుండా చెయ్యి ముందుకు తోశాను. గోరు మొదట్లో పట్టేసింది. అరిచి చెయ్యి విదిలించాను. ఆ తర్వాత రెండు వారాలు నా వేలు కనిపిస్తే చాలు, నోరు తెరిచి మీదకొచ్చేది. ఆలోచిస్తే అర్థమైంది. నా చెయ్యి దాని దగ్గరకు వెళ్లేదే బోనులో పెట్టడానికి. చెయ్యి వచ్చిందంటే ఆట అయిపోయినట్టే అని నేర్పింది నేనే.

కొరికే ముందు అది చెప్పే తీరుతుంది తల్లీ. మెడ మీద ఈకలు నిక్కబొడుచుకోవడం, తోక విసనకర్రలా విప్పడం, కంటిపాప గబగబా చిన్నదీ పెద్దదీ అవుతుండటం, వెనక్కి వాలడం. వీటిలో ఏది కనిపించినా చెయ్యి అక్కడే ఆపి, మెల్లగా తీసేయ్. ఈ సైగలకు విలువ లేదని తెలిస్తే అది సైగ చెయ్యడం మానేసి నేరుగా కొరకడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి రా. గ్లవ్స్ తీసి పక్కన పెట్టు, వాటిని చూస్తే ఇంకా బెదురుతుంది. గిన్నెలో పొద్దుతిరుగుడు గింజలు వెయ్యకు, అవి నీ చేతి నుంచే దొరకాలి. నాలుగు రోజులు చువ్వల సందులోంచి ఇవ్వు. తర్వాత తలుపు తీసి అరచేతిలో పెట్టి కదలకుండా ఉండు, అదే రావాలి. చేతి మీదకు ఎక్కాక బోనులో పెట్టు, గింజ ఇవ్వు, వెంటనే మళ్లీ బయటకు తీయి. రోజుకు రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. నాకు నెల పైనే పట్టింది.

కొరికినప్పుడు అరవద్దు, ముక్కు మీద కొట్టొద్దు, మొహం మీద ఊదొద్దు. కేకలు దానికి సరదా అయిపోతాయి, దెబ్బలు భయమవుతాయి. నోరెత్తకుండా దాన్ని దగ్గరున్న కుర్చీ మీదో స్టాండ్ మీదో దించి, అర నిమిషం అటు తిరిగి ఉండు. ఆ తర్వాత మామూలుగా మాట్లాడు. బాబుకు కూడా ఇదే చెప్పు. కొన్నాళ్లు వాడి భుజం మీద మాత్రం ఎక్కనివ్వకు, చెవులూ కళ్లూ దగ్గరగా ఉంటాయి.

రాత్రి పదకొండు దాకా హాల్లో టీవీ పక్కనే ఉంటోందన్నావు. దానికి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్ల పొద్దున్నే చిరాకు పడటంలో వింతేముంది? బోనును చీకటి పడగానే లోపలి గదిలోకి మార్చు. నిమిరితే తలా మెడా మాత్రమే నిమురు. వీపూ రెక్కల కిందా నిమిరితే, ఈడొచ్చాక నిన్ను జోడు అనుకుని మరీ మొండికేస్తుంది. కొత్త ఈకలు ముళ్లలా మొలుస్తున్నప్పుడు తల ముట్టుకున్నా నొప్పే, అప్పుడు అసలు నిమరకు.

ఇన్నాళ్లూ మంచిగా ఉన్న పిట్ట ఉన్నట్టుండి కొరుకుతూ, తిండి తగ్గించి, ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే మాత్రం ఆ రోజే పక్షుల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లు. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి.

ఇంకొకటి. మన రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మిట్టుది దక్షిణ అమెరికా జాతి కాబట్టి ఆ ఇబ్బంది లేదు గానీ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. అల్లుడుగారికి గుర్తు చెయ్యి.

ఆదివారం పొద్దున గింజ పెట్టేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. ఫోన్ నీ మొహం వైపు కాకుండా మిట్టు మెడ వైపు తిప్పి పెట్టు, ఎక్కడ ఆగాలో నేను చెబుతాను.

నీ పెద్దమ్మ