ఆటగాళ్ల వంతు నువ్వు ఆడేయకు

ప్రియమైన సౌమ్యా,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆట కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథ, మొత్తం చదివాను. కథగా మార్చి ఏ పత్రికకి పంపినా వేసుకుంటారు. టేబుల్ మీద మాత్రం మొదటి గంటలోనే నీ చెయ్యి దాటిపోతుంది.

నీ డ్రాఫ్టు ప్రకారం ఊరి ధాన్యం బళ్లు మాయమవుతాయి. మునసబు సాయం అడిగితే ఆటగాళ్లు ఒప్పుకుంటారు, అడవిలో గాబ్లిన్లనే పొట్టి రాక్షసుల్ని కొడతారు, పాత కోటలో పెట్టె తెరిచి లెక్కల పుస్తకం చదువుతారు. దొంగ మునసబేనని తేలాక అతను పేజీన్నర మాట్లాడతాడు. ఒప్పుకోవడం, కొట్టడం, తెరవడం, చదవడం అన్నీ ఆటగాళ్లు చెయ్యాల్సిన పనులు. నువ్వే చేసేశావు.

నలుగురు కూర్చున్న చోట ఒకడు తప్పకుండా "ఈ మునసబు ఏదో తేడాగా ఉన్నాడు, ముందు వీడి ఇల్లు వెతుకుదాం" అంటాడు. అప్పుడు నువ్వు తాళం వేసుందంటావు, కుక్కలున్నాయంటావు. ఎటు తిరిగినా కోటకే తోలుతున్నావని పావుగంటలో వాళ్లకి అర్థమైపోతుంది. ఇక ఫోన్లు బయటికొస్తాయి.

అందుకని మునసబు సంగతి రాయి. అతనికి ఏం కావాలి, ఎవరంటే భయం, ఎవరూ అడ్డు రాకపోతే ఏ రోజు ఏం చేస్తాడు? పట్నం షావుకారుకి బాకీ ఉన్నాడనుకో. మొదటి రోజుకే బళ్లు కోటలో దాచేశాడు. రెండో రోజు గాబ్లిన్లకి కూలి పంపుతాడు. మూడో రోజు అమావాస్య, ఆ రాత్రి బళ్లు వాగు దాటిపోతాయి. ఇది రాసుకున్నావంటే వాళ్లు ఇల్లు వెతికినా, తిన్నగా కోటకెళ్లినా, పూటకూళ్లింట్లో తాగి పడుకున్నా తర్వాత ఏం జరుగుతుందో నీకు తెలుస్తుంది.

ఇక ఆ లెక్కల పుస్తకం. పెట్టెలో రహస్య అర పెట్టి, ఇన్వెస్టిగేషన్ డీసీ 15 అన్నావు, అంటే డైస్ మీద పడ్డదీ వెతికే నైపుణ్యం బోనసూ కలిపి కనీసం 15 రావాలి. ప్లస్ 3 బోనస్ ఉన్నవాడు ఒక్కడే వెతికితే డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అంటే 45 శాతం. సగానికి పైగా టేబుళ్లలో నీ కథ ఆ పెట్టె దగ్గరే ఆగిపోతుందన్నమాట. రాబిన్ లాస్ డిటెక్టివ్ ఆటల కోసం తయారుచేసిన గమ్‌షూ పద్ధతిలో ఈ గొడవే లేదు. సరైన నైపుణ్యం ఉన్నవాడు సరైన చోట వెతికితే చాలు, కీలకమైన ఆధారం డైస్ వెయ్యకుండానే దొరుకుతుంది. డీ అండ్ డీలోనూ అలా చేస్తే ఎవరూ కాదనరు. డైస్ వేయించాలని అంత సరదాగా ఉంటే, వెతకడానికి ఎంతసేపు పట్టింది, ఆ చప్పుడు ఎవరికైనా వినపడిందా అన్నదానికి వేయించు. పుస్తకం ఒక్కదాన్నే నమ్ముకోకు కూడా. గాబ్లిన్ల దగ్గరున్న గోనెసంచుల మీద మునసబు గాదె ముద్ర ఉండనీ. అతని పాలేరు రెండ్రోజులుగా ఇంటికి రాలేదని పెళ్లాం బావి దగ్గర ఏడుస్తూ ఉండనీ.

నీ గాబ్లిన్లంటే జాలేసింది. పొదల్లోంచి దూకుతారు, చస్తారు, అంతే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను బల్ల మీద ఆడే యుద్ధాల ఆటల్లోంచి తీశారు కాబట్టి రూల్స్‌లో ఎక్కువ భాగం కొట్లాటకే పోతుంది. కానీ 1981 నాటి బేసిక్ రూల్స్‌లో ఒక చక్కటి పట్టిక ఉంది. ఎదురుపడ్డ ప్రాణి ఏం చేస్తుందో తెలియనప్పుడు రెండు మామూలు డైస్ వేస్తారు. 2 పడితే వెంటనే మీద పడుతుంది, 12 పడితే స్నేహం చేస్తుంది. 6 నుంచి 8 లోపు పడితే ఎటూ తేల్చుకోలేదు. లెక్కేస్తే 36కి 16 సార్లు పడేది అదే. నాకు ఆ తేల్చుకోలేని గాబ్లిన్ ఇష్టం. ఇలా రాసి చూడు:

"ఇద్దరు గాబ్లిన్లు గోనెసంచి మీద కూర్చుని పచ్చి జొన్నలు నములుతున్నారు. ఒకడికి కాలు బెణికింది. కూలి ఇంకా అందలేదు. ముందు డబ్బు చూపించినవాళ్ల వైపు తిరుగుతారు."

డీఎంకి, అంటే ఆట నడిపేవాడికి, ఇంతకంటే అక్కర్లేదు. రూల్స్ మాటలు ఇంగ్లిష్‌లోనే నడిచినా ఫర్వాలేదు గానీ, గాబ్లిన్ మాత్రం మీ ఊరి యాసలోనే బేరమాడాలి. టేబుల్ ఎలా లేస్తుందో నువ్వే చూస్తావు.

కోటలో భారీ రాక్షసి ఆగర్‌ని పెట్టావు, అదీ అప్పుడే మొదలుపెట్టిన ఫస్ట్ లెవెల్ ఆటగాళ్ల జట్టు మీదికి! 2014 రూల్స్‌లో దానికి 59 హిట్ పాయింట్లు (ప్రాణబలం), ఒక్క దెబ్బకి సగటున 13 పోతాయి. నీ విజార్డ్‌కి ఉన్నవే 8. ఒకే దెబ్బకి దానికి రెట్టింపు, 16 పోతే స్పృహ తప్పడం కూడా ఉండదు, నేరుగా చావే. తీసెయ్యమనను. నిద్రపుచ్చు, దాని గురక ప్రహరీ బయటికి వినపడనీ, వెనకవైపు ఇంకో దారి పెట్టు. ముందే తెలిస్తే వాళ్లు తప్పుకుని పోవచ్చు, లేదా మందు కలిపిన మాంసం లోపలికి విసరొచ్చు. దాన్ని మచ్చిక చేసుకుని మునసబు ఇంటి మీదికి తోలుకెళ్లినా తోలుకెళ్తారు. నా పందెం దాని మీదే.

పేజీన్నర ప్రసంగం కొట్టెయ్. రెండో వాక్యానికే ఎవరో బాణం వేస్తారు. దొరికిపోతే మునసబు ఎవరి పేరు బయటపెడతాడో ఒక్క లైన్ రాసుకో.

తిరగరాశాక నువ్వే నడపకు. వేరే డీఎం చేతికిచ్చి మూల కూర్చో. నీ నోటి నుంచి ఒక్క ముక్క రాకూడదు, టెన్షన్ వచ్చినా సరే. ఆట మధ్యలో వాళ్లు ఏది దొరక్క పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతున్నారో రాసుకుని ఆ పేజీల నంబర్లు నాకు పంపు. డ్రాఫ్టు తర్వాత చూస్తాను.

ఉంటాను.
ఆశీస్సులతో.