కర్ర కుడిచేతిలో పట్టుకో, అమ్మలూ

అమ్మలూ,

సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్తున్నావని, అదీ మెట్రోలో ఒక్కదానివేనని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆపరేషన్ అయ్యాక గడప దాటడానికే భయపడ్డ పిల్లవి, నీ అంతట నువ్వే బయల్దేరుతున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమీర్‌పేటలో రైలు మారాలటగా. ఆ జనాన్ని తలుచుకుంటేనే టెన్షన్.

కర్ర ఎత్తు సరిచూసుకో. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే, పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. అడుగున రబ్బరు అరిగితే మార్పించు.

అసలు సంగతి ఇది. నీకు ఆపరేషన్ అయింది ఎడమ మోకాలికి. కాబట్టి కర్ర కుడిచేతిలో ఉండాలి.

మీ పెదనాన్నకు కుడి మోకాలు అరిగినప్పుడు కర్ర కుడిచేత్తోనే పట్టుకునేవారు. నొప్పి ఉన్నవైపే ఊతం ఉండాలని చూడ్డానికొచ్చిన వాళ్లంతా చెప్పేవాళ్లు. పాపం, ఒళ్లంతా కుడివైపుకి వాల్చి నడిచేవారు. హాల్లోంచి అరుగు దాకా వచ్చేసరికి చొక్కా తడిసిపోయేది. భుజం పట్టేసింది, నడుము పట్టేసింది. అన్నీ వయసు మీదకి తోసేశాం. చివరికి ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కర్ర తీసి ఎడమచేతిలో పెట్టింది. మంచి కాలు లేచిన క్షణంలో బరువంతా నొప్పి కాలి మీదే పడుతుంది, అప్పుడు అవతలి చేతిలోని కర్ర నేల మీద ఉంటే అందులో కొంత అది మోస్తుంది అని తర్వాత వివరించింది. ఆ సాయంత్రం ఆయన గేటు దాకా వెళ్లి పాలప్యాకెట్ తెచ్చారు. అన్నాళ్లూ ఊరికే బాధపడ్డారే అని ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

అందుకే, కర్రా ఎడమ కాలూ కలిసి ముందుకి, తర్వాత కుడికాలు. మెట్లెక్కేటప్పుడు ముందు కుడికాలు. దిగేటప్పుడు ముందు కర్ర, ఎడమ కాలు. రెండో చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి, ఫోన్ మీద కాదు! బ్యాగు వీపుకి తగిలించుకో. ఎస్కలేటర్ జోలికి పోకు, లిఫ్ట్ ఉంది.

మెట్రో కన్నా నాకు మీ బాత్రూం అంటే ఎక్కువ భయం. తడి నేల మీద కర్ర జారుతుంది. ముందు నేల తుడిపించు. గోడకి గట్టి కడ్డీ బిగించమని మీ నాన్నకి చెప్పు. టవల్ స్టాండు పట్టుకున్నావంటే అది స్క్రూలతో సహా చేతిలోకొస్తుంది.

మడత కర్ర కొన్నావట. ఆఫీసులో దాచేయడానికేనా? వద్దు తల్లీ. అది కనపడితేనే జనం తోసుకోకుండా పక్కకి తప్పుకుంటారు. ఎవరైనా లేచి సీటిస్తే మొహమాటపడకుండా కూర్చో.

శనివారం వీడియో కాల్ చేసి, హాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూపించు. కర్ర ఏ చేతిలో ఉందో నేను చూడాలి.

మీ పెద్దమ్మ