మోకాళ్ళకి జెల్ ఇంజెక్షన్ వేయిస్తే గుజ్జు మళ్ళీ పెరుగుతుందా?

"మా నాన్నకి మోకాళ్ళు అరిగిపోయాయి, జెల్ ఇంజెక్షన్ వేస్తే గుజ్జు పెరుగుతుందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. పెరగదు. పెరుగుతుందని చెప్పినవాళ్ళు ఆ ఇంజెక్షన్ అమ్మేవాళ్ళో, అమ్మేవాళ్ళ మాట నమ్మినవాళ్ళో అయ్యుంటారు.

మా అమ్మకి నెల్లూరులో వేయించాం. మందు మనమే కొని పట్టుకెళ్ళాలి. సిరంజిలో నింపే వస్తుంది, పదిహేను వేల పైమాటే. డాక్టరు పిలిచేదాకా ఊరికే కూర్చోవడమెందుకని పెట్టెలోని కాగితం తీసి చదివాను. గుడ్లు, పక్షి ఈకలు పడనివాళ్ళు జాగ్రత్త అని ఉంది. మోకాలికీ గుడ్డుకీ ఏం సంబంధమని ఫోన్లో వెతికితే, ఆ రకం జెల్‌ని కోడిపుంజు నెత్తి మీదుండే ఎర్ర తురాయి నుంచి తీస్తారని తెలిసింది. ఆ రోజు శనివారం. అమ్మ శనివారం ఉల్లిపాయ కూడా ముట్టదు. చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే మా చెల్లెలు బయటపెట్టేసింది.

"ఏందబ్బయ్యా, స్వామి వారం పూట నా కాల్లోకి కోడిని ఎక్కిస్తారా?" అని అమ్మ లేచి చెప్పుల కోసం వెతుక్కుంది. ఆ మోకాళ్ళతో అంత వేగంగా లేవడం ఈ మధ్య నేను చూడలేదు. "నోట్లోకి పోయేది కాదు గదమ్మా" అని కాంపౌండరు ఎంత సర్దిచెప్పినా వినలేదు. చివరికి మెడికల్ షాపు అతనే దారి చూపించాడు. బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసే రకం కూడా ఉందట, కోడితో పనిలేదు. రేటు ఇంకాస్త ఎక్కువ. అది తీసుకున్నాం.

డాక్టరు ముందు వాచిన మోకాల్లోంచి పసుప్పచ్చటి నీరు లాగేశారు. తర్వాత జెల్ ఎక్కించారు. చలికాలం తేనెలాగా ఉంది, బొటనవేలితో గట్టిగా నొక్కితే గానీ దిగలేదు. కొన్ని వారాలు బాగుంది. రంగనాయకుల గుడికి నడిచి వెళ్ళొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ మామూలే. నన్నడిగితే ఆ సుఖంలో సగం నీరు తీసినందుకు వచ్చిందే.

ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికాలో ఎముకల డాక్టర్ల సంఘం 2013లోనే దీన్ని సిఫారసు చేయలేమంది. 2022లో బీఎమ్‌జే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో పాత పరీక్షలన్నీ కలిపి చూసి రాశారు: ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే నొప్పి తగ్గేది కొంచెమే, రోగికి తేడా తెలిసేంత కాదు. జెల్‌లో ఉండేది హైలురోనిక్ యాసిడ్. మన కీళ్ళలో సహజంగా ఉండేదే. కొన్ని రకాల్లో దాని గొలుసుల్ని ఒకదానికొకటి అతికించి, త్వరగా కరిగిపోకుండా చేస్తారు. కాస్త జారుడు ఇస్తుందేమో గానీ అరిగిన మృదులాస్థిని, అంటే మనం గుజ్జు అనేదాన్ని, కట్టిపెట్టదు. ఇంత చెప్పినా వేయిస్తానంటే మీ ఇష్టం, కానీ వేశాక కాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఆగకుండా పరుగెత్తండి.

నా అసలు కోపం వేరే. అమ్మ పుట్టిల్లు పొదిలి దగ్గర. ఆ పక్క నీళ్ళలో ఫ్లోరైడ్ ఎముకల్ని ఎలా బిగదీస్తుందో 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు, అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అయినా "చిన్నప్పుడు ఏ ఊరి నీళ్ళు తాగావమ్మా" అని ఏ డాక్టరూ అడగలేదు. ఎక్స్‌రే చూడటం, చీటీ రాయడం, అంతే.

అలాగని ఇలాంటి జెల్స్ అన్నీ దండగని కాదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చేటప్పుడు పక్కనే ఉన్న పురీషనాళం, అంటే పేగు చివరి భాగం, కాలకుండా మధ్యలో జెల్ ఎక్కిస్తారు. రెండు ద్రవాలు లోపల కలవగానే సెకన్లలో గట్టిపడి, రేడియేషన్ అయ్యేదాకా అడ్డుగా నిలబడి, ఆరు నెలలకల్లా కరిగిపోతుంది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. మోకాలి జెల్‌కి పెట్టే ప్రచారంలో పదో వంతు దీనికి ఉంటే బాగుండు.

ఇంకోటి రొయ్య పొట్టు. దాన్నుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తారు. ఒక రకం ఉప్పు కలిపితే అది చల్లగా ఉన్నప్పుడు నీళ్ళలా సూదిలోంచి జారి, ఒంటి వేడి తగలగానే జెల్ అవుతుంది. 2000లో కెనడావాళ్ళు చేసి చూపించారు. అందులో మందు కలిపితే ఎక్కించిన చోటే ఉండి మెల్లగా విడుదలవుతుందని అప్పట్నుంచీ పరిశోధనలు నడుస్తున్నాయి. మా జిల్లాలో రొయ్యల ఫ్యాక్టరీ పక్కనుంచి బండి మీద పోతే ఆ పొట్టు వాసనకి ముక్కు మూసుకోవాలి. ముత్తుకూరు, కోట, ఇందుకూరుపేట వైపు ఎవరైనా దాంతో ఇలాంటి పని మొదలుపెట్టి ఉంటే ఇక్కడ రాయండి, నేనొచ్చి చూస్తాను.