కరిగించనివ్వకు చిట్టీ

చిట్టీ,

పెళ్లి నగలు కొన్ని అమ్మి కూకట్‌పల్లిలో టైలరింగ్ యూనిట్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అత్తయ్యకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా? అప్పు జోలికి పోకుండా మొదలుపెడుతున్నావని గర్వంగానే ఉంది. కానీ ఆ నగల సంచితో నువ్వొక్కదానివే కొట్టు మెట్లెక్కుతావంటే టెన్షన్‌గా ఉంది.

బిల్లులు వెతికి పెట్టుకో. కనీసం మూడు కొట్లు తిరుగు. చెప్పే రేటు 22 క్యారెట్లదా, 24 క్యారెట్లదా అడుగు, కట్టింగ్ పేరుతో ఎంత తగ్గించుకుంటారో కూడా ముందే తేల్చుకో.

కొన్నప్పుడు కట్టిన మజూరీ, తరుగు, జీఎస్టీ తిరిగి రావు. నిజాం నగలను ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నదంటే వాటి చరిత్ర వేరు. మన నగలో కొట్టువాళ్లు చూసేది నికర బంగారం ఎంత, అందులో స్వచ్ఛత ఎంత అనే. గాజుల మీద 22 క్యారెట్లని చెప్పే 916తో పాటు ఆరు గుర్తుల హాల్‌మార్క్ నంబరు, అదే హెచ్‌యూఐడీ, ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకో. అది లేని పాత నగలను నీ ఎదుటే స్వచ్ఛత చూసే మెషిన్‌లో పెట్టించు.

అసలు నా భయం కరిగించడం గురించే. నువ్వు పుట్టకముందు, ఇల్లు కట్టేటప్పుడు, నాయనమ్మ కెంపుల హారాన్ని మీ నాన్న ఒక కొట్టుకు తీసుకెళ్లాడు. తూకం 60 గ్రాములు. "కరిగిస్తే గానీ ధర చెప్పలేం" అన్నారు, సరేనన్నాడు. రేటు మాట్లాడుకోలేదు, రాళ్లు విప్పించలేదు. వెనక గదిలోంచి ముద్ద వచ్చింది, 41 గ్రాములు. లోపలంతా లక్క అట! కెంపులేవంటే, మంటలో పాడయ్యాయన్నారు. ధర నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోవడానికి హారమేది? ఇచ్చింది పుచ్చుకుని వచ్చాడు. మీ మావయ్య కంసాలి పని చేసిన మనిషి, విని ఎంత బాధపడ్డాడో. సన్నని ఉలితో అంచు లేపితే కెంపు చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది, కాస్త సెగ చూపిస్తే లక్క మెత్తబడుతుంది. రాళ్లు పొట్లం కట్టి ఇంట్లో పెట్టుకుని, మిగిలిన బంగారమే తూకం వేయించాల్సింది. ఈ సంగతి నాన్నను అడగకు తల్లీ, ఇప్పటికీ బాధపడతాడు.

అందుకే రాళ్ల నగలు ముందు మావయ్యకు చూపించు. గ్రాము రేటు కాగితం మీద రాయించుకున్నాకే నిప్పు దగ్గరికి వెళ్లనివ్వు, అదీ నీ కళ్ల ముందే.

పత్తర్‌గట్టీలో కొన్న ముత్యాల సెట్టును అమ్మొద్దు. ముత్యాలకు తిరిగి వచ్చేది చాలా తక్కువ, హాయిగా వేసుకో. వజ్రాల దుద్దులు అమ్మాలంటే సర్టిఫికెట్ తీసుకుని కొన్న కొట్టుకే ముందు వెళ్లు, వాళ్లు తిరిగి కొనే బైబ్యాక్ షరతులు చదువు.

కాసులపేరు మాత్రం ఉంచుకోవే. డబ్బు చాలకపోతే నేను సర్దుతాను. శనివారం నేనూ మావయ్యా వస్తాం, అప్పటిదాకా ఏ కొట్టుకూ వెళ్లకు. ఏమేం అమ్మదలిచావో ఈలోగా రాసి పంపు.

మీ అత్తయ్య