ఆటస్థలం: మాస్టారి జవాబులు

(జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరైన విజయనగరం ఫుట్‌బాల్ మాస్టారు పాఠకుల ప్రశ్నలకి ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఆరేళ్ల గుంటల నుంచి పదో తరగతి వాళ్ల దాకా ఇరవై మంది వస్తారు. ఉన్నవి రెండు బంతులు, రెండూ ఐదో నంబరువే. చిన్నవాళ్లు పొజిషన్లో నిలబడరు, అందరూ బంతి మీదే పడతారు. ఏం చెయ్యమంటారు?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, ముందు వాళ్ల మీద అరవడం మానెయ్. ఆరేడేళ్ల పిల్లాడికి కావలసింది బంతి. "నువ్వు డిఫెన్సు, ఇక్కడే ఉండు" అన్నావంటే నాలుగు రోజులకి రావడం మానేస్తాడు. అందరూ బంతి మీద పడుతున్నారంటే ఆట మీద ఇష్టం ఉన్నట్టే. ఆ గుంపు పలచబడాలంటే మనుషుల్ని తగ్గించు. ముప్పై గజాల పొడవు, ఇరవై గజాల వెడల్పు చాలు. నలుగురికి నలుగురు, గోలీ (గోల్‌కీపర్) వద్దు, గోలుకి రెండేసి ఇటుకలు పెట్టు. బంతి ప్రతివాడి కాలికీ తగులుతుంది.

బంతి సంగతి. ఐదో నంబరు పదమూడేళ్లు, ఆ పైవాళ్లది. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. చిన్న పాదానికి అది లొంగదు కాబట్టి పిల్లాడు బొటనవేలితో పొడుస్తాడు. ఆ పొడుపు అలవాటైతే పాదం లోపలి పక్కతో పాస్ నేర్పడానికి తర్వాత నానా తంటాలూ పడాలి. ఎనిమిదేళ్ల లోపువాళ్లకి మూడో నంబరు, పన్నెండు దాకా నాలుగో నంబరు కొను. అందాకా బజార్లో దొరికే రబ్బరు బంతులైనా సరే, చిన్నవాళ్లకి తలా ఒకటి ఉండాలి. బంతిని కాలితో తోసుకుంటూ తిరగమను, విజిల్ ఊదగానే అరికాలితో ఆపమను. పదిమందిని వరసలో నిలబెట్టి గోలుకి కొట్టించే ప్రాక్టీసు మాత్రం వద్దు. ఒకడు కొడితే తొమ్మిదిమంది తోసుకుంటూ నిలబడతారు, గంటన్నరలో ఒక్కొక్కడికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్క చూస్తే నీకే బాధేస్తుంది.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లు బంగారం. చూపించింది చూపించినట్టు పట్టేస్తారు. నలుగురు చుట్టూ నిలబడి పాస్‌లిచ్చుకుంటూ ఉంటే మధ్యలో బంతి లాక్కోవడానికి ఒకణ్ని దొంగ పెట్టు. బంతి వచ్చేలోపే ఎవరికివ్వాలో తల తిప్పి చూసుకోవడం అందులోనే వస్తుంది. ఎడమ కాలు కూడా ఇప్పుడే. 1962 ఆసియా క్రీడల్లో మనకి బంగారు పతకం తెచ్చిన హైదరాబాదు కోచ్ రహీం సాహెబ్ బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. నువ్వూ వారానికొక ఆట అలా ఆడించు. ఇంగ్లండులో ఈ వయసువాళ్లకి పదకొండుమంది ఆట పెట్టరు. పదేళ్ల లోపువాళ్లకి ఏడుగురు, పన్నెండు లోపువాళ్లకి తొమ్మిదిమంది. గోలీతో సహా అన్ని స్థానాలూ అందరికీ మార్చి మార్చి ఇవ్వు. లావుగా ఉన్నవాణ్ని శాశ్వతంగా గోలీ చేసెయ్యడం నాకు చూడలేని పని. తలతో కొట్టించకు. అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకి దాన్ని పూర్తిగా ఆపేశారు.

పొజిషన్లు, ఆఫ్‌సైడు (అవతలి జట్టు వెనక బంతి కోసం ముందే కాచుకోకూడదన్న నియమం), దమ్ము పెంచే పరుగులు పదమూడు దాటినవాళ్లకి. వాళ్లలో ఇద్దరికి చిన్నవాళ్ల ఆట అప్పగించు, నీకూ చెయ్యి ఖాళీ అవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. జట్టులో అందరికంటే పొట్టి. కోచ్ మ్యాచ్‌లకి బెంచీ మీదే కూర్చోబెడుతున్నారు. పైగా పరిగెత్తితే మడమ వెనక నొప్పి అంటున్నాడు. మానిపించమంటారా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: మానిపించకండమ్మా. మగపిల్లలు ఎక్కువగా ఎదిగేది పద్నాలుగేళ్ల ప్రాంతంలో, కొందరికి ఏడాది ముందు, కొందరికి రెండేళ్లు వెనక. ఒకే తరగతిలో మీసాలొచ్చినవాడూ పాలబుగ్గలవాడూ పక్కపక్కనే ఉంటారు. ఈరోజు పొడుగు చూసి జట్టు కడితే ఈ టోర్నమెంటు గెలుస్తారేమో గానీ, మంచి ఆటగాళ్లు చెయ్యిజారిపోతారు. పొట్టివాడు బలంతో నెగ్గలేడు కనక నేర్పుతో నెగ్గడం నేర్చుకుంటాడు, ఎత్తు వచ్చాక ఆ నేర్పు ఎక్కడికీ పోదు. ఈ మాట కోచ్‌తో ధైర్యంగా, మర్యాదగా అనండి. ప్రతి మ్యాచ్‌లో సగం సేపైనా ఆడించమని అడగండి.

మడమ నొప్పి ఈ వయసులో చాలామందికి వస్తుంది. మడమ ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది, పిక్క కండరం దాన్ని పైకి లాగుతూ ఉంటుంది. కొన్నాళ్లు పరుగులు తగ్గించి, సిమెంటు నేల మీద ఆడించకుండా, మడమ దగ్గర మెత్తగా ఉండే బూట్లు వేయించండి. ఆట అయ్యాక ఐసు పెట్టండి. కుంటుతున్నా, వాపున్నా ఎముకల డాక్టరుకి చూపించాలి. "ఓర్చుకో, మగపిల్లాడివి" అని మాత్రం ఎవర్నీ అననివ్వకండి.

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. మా పలాసలో నేను ఆడదామంటే అమ్మాయిల జట్టు లేదు. అబ్బాయిలతో ఆడొచ్చా?

జవాబు: నిక్షేపంగా ఆడు తల్లీ. పన్నెండేళ్ల దాకా ఇద్దరి బలంలో పెద్ద తేడానే ఉండదు. నీ వయసులో ఉంటుంది కనక ప్రాక్టీసు కలిసి చెయ్యి, మ్యాచ్‌ల్లో నీ ఈడువాళ్లతోనో ఒక ఏడాది చిన్నవాళ్లతోనో ఆడు. ఒక్క జాగ్రత్త: అమ్మాయిలకి మోకాలి కీలు మధ్యలో ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు (ఏసీఎల్) తెగే ప్రమాదం అబ్బాయిల కంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగకుండా, కాస్త మడిచి మెత్తగా దిగడం అలవాటు చేసుకో. ఇలాంటి గాయాలు తగ్గించడానికే ఫిఫా వాళ్లు '11+' అనే ఇరవై నిమిషాల వార్మప్ తయారుచేశారు, వీడియోలు దొరుకుతాయి. మీ క్లాసులో ఇంకో ఇద్దరిని కూడా రేపటి నుంచి వెంట తెచ్చుకో.