టైపు మిషను దగ్గర మొదలైన ఇంట్లో ఏఐ చదువు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. నేను కచేరీ దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. అది తరువాత డీటీపీ సెంటరు, ఇప్పుడు జెరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు అయింది. మా అమ్మాయి ఒడియా మీడియంలో పదో తరగతి పరీక్షలు రాసింది. లెక్కల్లో చురుకైనది. బీటెక్‌లో ఏఐ చదువుతానంటోంది. విశాఖపట్నానికి గూగుల్ వస్తోందనీ, ఇంటర్ అక్కడే చేర్చమనీ బంధువులు చెబుతున్నారు. నా చేతిపనిని రెండుసార్లు మిషన్లు తినేశాయి. తన చదువు పూర్తయ్యేసరికి తన పని మాత్రం మిగులుతుందా? ల్యాప్‌టాప్ కూడా ఇప్పుడే కొనమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు విశాఖపట్నం సంగతి తేల్చుకుందాం. దానికి గడువు ఉంది. మీ భయం కాసేపు ఆగినా ఫరవాలేదు.

బీటెక్ చదివించే కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐటీల్లో సగం సీట్లను ఆ సంస్థ ఉన్న రాష్ట్రపు అభ్యర్థులకు కేటాయిస్తారు. అయితే సొంత రాష్ట్రం ఏదన్నది పుట్టిన ఊరిని బట్టి గానీ, ఇంటి భాషను బట్టి గానీ నిర్ణయం కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులయ్యారన్నదే అక్కడ లెక్క. మీ అమ్మాయి ఒడిశాలో ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్‌ఐటీకి సొంత రాష్ట్రపు అభ్యర్థి అవుతుంది. విశాఖలో ఇంటర్ చదివితే ఆ అవకాశాన్ని వదులుకుని, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ కోసం ఆంధ్రప్రదేశ్ విద్యార్థులతో పోటీ పడాలి; అది ఎంత గట్టి పోటీయో మీ బంధువులకే బాగా తెలుసు. పోనీ, ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లోనైనా లాభం ఉంటుందా అంటే, అక్కడ స్థానిక అభ్యర్థిగా గుర్తింపు రావాలంటే సాధారణంగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు ఆ ప్రాంతంలోనే సాగి ఉండాలి. రెండేళ్ళ ఇంటర్ దానికి చాలదు. మన సరిహద్దు కుటుంబాలు ఈ లెక్క చూసుకోకుండా పిల్లలను పాతపట్నం దాటించి, కౌన్సెలింగ్ నాటికి రెంటికీ చెడ్డ రేవడి కావడం నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. బరంపురంలో మీ మహారాజా పేరు మీదనే ఉన్న ప్రభుత్వ కళాశాల, పారలా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీలోనూ జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే బీటెక్ ప్రవేశాలు జరుగుతాయి. కాబట్టి ఒడిశా ప్లస్ టూ ప్రవేశాల వెబ్‌సైటు శామ్స్ పోర్టల్ తెరవగానే పర్లాకిమిడిలో గానీ, బరంపురంలో గానీ ప్లస్ టూ సైన్సుకు దరఖాస్తు పెట్టించండి. ఒడియా నుంచి ఇంగ్లీషు మీడియానికి మారడమే ఆమెకు పెద్ద అడుగు. అదే ఏడాది ఇల్లు, ఊరు కూడా మార్చవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

గూగుల్ మాట నిజమే. విశాఖలో ఏఐ కేంద్రం కోసం అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ఆ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది. అయితే డేటా సెంటర్ అంటే వేల మంది కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసే ఆఫీసు కాదు. అది సర్వర్లు నిండిన భవనం. దాన్ని నడపడానికి కరెంటు సరఫరా, చల్లదనం, నెట్‌వర్కు, భద్రత చూసే సాంకేతిక సిబ్బంది కావాలి. ఎలక్ట్రికల్, మెకానికల్ చదివినవారికీ, ఐటీఐ ముగించినవారికీ అక్కడ పని ఉంటుంది. ఏదేమైనా, ఇంటర్ ఎక్కడ చదవాలన్నదానికీ, ఆ భవనం ఎక్కడ కడుతున్నారన్నదానికీ సంబంధం లేదు.

ఇక మీ భయం. మిషన్లు రెండుసార్లు మీ చేతిపనిని తినేశాయని రాశారు. గోద్రెజ్ సంస్థ 2009లో టైపురైటర్ల తయారీనే ఆపేసింది గనుక మొదటిదాన్ని కాదనలేను. ఆ తరువాత డీటీపీ సాఫ్ట్‌వేర్లలో ఒడియాకు ఆకృతి, తెలుగుకు అను అంటూ కొత్త కీబోర్డులు వేళ్ళకు పట్టించుకుని ఉంటారు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్ ఫోన్లలోకి వచ్చి, ఎవరికి వారే టైపు చేసుకోవడం మొదలయ్యాక ఆ గిరాకీ కూడా తగ్గి ఉంటుంది. అయినా మీ షాపు ఇంకా తెరిచే ఉంది. ఎందుకు? అర్జీ పట్టుకుని వచ్చే మనిషికి కావలసింది అక్షరాలు కొట్టిపెట్టడం ఒక్కటే కాదు గనుక. ఏ కాగితానికి ఏది జతచేయాలో, పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ఏ బల్ల దగ్గర ఫైలు ఆగిపోతుందో మీకు తెలుసు. పొరపాటు జరిగితే మర్నాడు మళ్ళీ మిమ్మల్నే అడగవచ్చన్న ధీమా కూడా అతనికి ఉంది. ఆ పనిని మిషను ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఈ మధ్య ఒక కుటుంబం తెచ్చిన ఒడియా భూమి పట్టాను అనువాద సాఫ్ట్‌వేరుతో తెలుగులోకి మార్చి చూశాను. ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం చక్కగా వచ్చాయి. ‘కిసం’, అంటే భూమి తరగతి గడిలో ఉన్న ‘శారద’ మాత్రం మనిషి పేరు అయిపోయింది; చదివితే ఆ భూమిలో శారద అనే ఆవిడకెవరికో వాటా ఉన్నట్టు తోచింది. ఒడిశా రికార్డుల్లో శారద అంటే వరి భూమి తరగతి అని మీకు తెలుసు, మీ కౌంటరు వెనుక పెరిగిన అమ్మాయికీ తెలిసే ఉంటుంది. యంత్రం తాను చదివిన పాఠాల్లో ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో లెక్కగట్టి, ఎక్కువ సంభావ్యత ఉన్న అర్థాన్ని ఎంచుకుంటుంది. తహసీలు కాగితాలు అది అంతగా చదివి ఉండదు. అలాంటి తప్పును పట్టుకోవడం ఒక పని, ఆ తప్పు మళ్ళీ రాకుండా యంత్రానికి నేర్పడం మరొక పని. రెండోదానికే ఇంజినీరింగ్ చదువు కావాలి.

తెలుగు, ఒడియా రెండూ సహజంగా వచ్చి, పైగా లెక్కలు కూడా వచ్చిన పిల్లలు ఎక్కువమంది ఉండరు. ప్రభుత్వ రంగంలో 2022లో మొదలైన భాషిణి వంటి వేదికలు మన భాషల మధ్య అనువాదం కోసమే పనిచేస్తున్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సుతో పాటు గణన భాషాశాస్త్రం, అంటే కంప్యూటరుతో భాషను విశ్లేషించే శాస్త్రం చదివించే అయిదేళ్ళ జంట డిగ్రీ ఉంది. దాని ప్రవేశ నిబంధనలను అమ్మాయి ప్లస్ టూలో ఉండగానే చూసి పెట్టుకోండి. అన్నట్టు, గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చింది మీ ఊళ్ళో ఉంటూనే. సవరకు మంగెయి గొమాంగో 1936లో రూపొందించిన లిపి 2012లో యూనికోడ్‌లోకి చేరింది. అక్షరాలు చేరాయి గానీ, యంత్రం చదివి నేర్చుకోవడానికి ఆ భాషలో పాఠాలు చాలా తక్కువ. మీ చుట్టుపక్కల కొండల్లోనే మాట్లాడే భాష అది.

బ్రాంచి పేరు గురించి ఒక్క మాట. మన దేశంలో ఏఐ పేరుతో తొలి బీటెక్‌ను 2019లో ఐఐటీ హైదరాబాద్ ప్రారంభించింది. ఆ తరువాత ఊరూరా అదే బోర్డు వెలిసింది. చాలా చోట్ల పాఠ్యాంశాలు కంప్యూటర్ సైన్సువే, బోర్డు మాత్రమే కొత్తది. మంచి అధ్యాపకులున్న కాలేజీలో మామూలు కంప్యూటర్ సైన్సు గానీ, ఎలక్ట్రానిక్స్ గానీ దొరికితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఒకరు చెప్పిన ప్రోగ్రామును యథాతథంగా రాసిపెట్టే చిన్న ఉద్యోగాలను యంత్రం ఇప్పటికే నమిలేస్తోంది గనుక, నాలుగేళ్ళూ అదొక్కటే నేర్చుకుని బయటికి వచ్చే విద్యార్థి విషయంలో మీ భయం న్యాయమైనదే. అందుకే ప్లస్ టూలో మాత్రికలు, సంభావ్యత, కలన గణితం ఆమెకు లోతుగా రావాలి. ఏఐ లోపల జరిగేదంతా ఈ మూడింటి పనే. అవి రానివారికి కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిన ప్రతిసారీ చదువు మొదటికి వస్తుంది.

ల్యాప్‌టాప్ ఇప్పుడే వద్దు. షాపులో ఉన్న కంప్యూటరు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి చాలు. రాత్రి షట్టరు దించే ముందు ఒక గంట దాన్ని ఆమెకు వదలండి. మొదటి పనిగా, ఒడియా దరఖాస్తుల్లో తరచుగా వచ్చే ఒక రెండు వందల రెవెన్యూ మాటలను, వాటికి మీరు చెప్పే తెలుగు అర్థాలను పట్టికగా ఎక్కించమనండి. ‘శారద’తో మొదలుపెట్టవచ్చు.